మూర్ఛ వచ్చే పిల్లల్ని "పూర్తిగా తగ్గాక తీసుకురండి" అన్న బడులకు ఒక అమ్మ బహిరంగ లేఖ

స్కూళ్ల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు, హెడ్మాస్టర్లకు, క్లాస్ టీచర్లకు, పీఈటీ సార్లకు, హాస్టల్ వార్డెన్లకు, పిల్లల్ని బస్సెక్కించి దించే ఆయమ్మలకు నమస్కారం.

ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం మా అబ్బాయి బడి నుంచి నాకు ఫోన్ వచ్చింది. వాడప్పుడు రెండో తరగతి. ఆ రోజు పిల్లల్ని ఉండవల్లి గుహలు చూపించడానికి తీసుకెళ్లారు. ముందు రోజు రాత్రంతా ఆ సంబరంలో వాడు సరిగా పడుకోలేదు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో కునుకు పట్టింది, ఆ కునుకులోనే మూతి ఒక పక్కకి లాగేసింది, చొంగ కారింది, గొంతులోంచి గురగురమని శబ్దం వచ్చింది, కళ్లు తెరిచే ఉన్నా పిలిస్తే పలకలేదట. రెండు నిమిషాలు ఉండి ఉంటుందేమో. బస్సంతా ఒకటే కేకలు. డ్రైవర్ బండి పక్కకి ఆపాడు. ఆయమ్మ వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టింది. నేను పరుగెత్తుకుంటూ బడికి చేరేసరికి వాడు ఆఫీసు గదిలో కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. నన్ను చూడగానే అన్న మొదటి మాట ఇది: "అమ్మా, మీరందరూ అరిచేది నాకు వినపడింది, నాకే మాట రాలేదు." నేను ఆ బస్సులో లేనని వాడికి తెలియదు పాపం.

రెండు రోజుల తర్వాత కరస్పాండెంట్ గారు మమ్మల్ని పిలిపించారు. మర్యాదగానే మాట్లాడారు, కాఫీ కూడా తెప్పించారు. "మీ బాధ నాకు అర్థమైందమ్మా, కానీ మిగతా పేరెంట్స్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, మా స్టాఫ్ భయపడుతున్నారు. బాబుకి పూర్తిగా తగ్గాక తీసుకురండి, సీటు ఎక్కడికీ పోదు. ఇక ఫిట్స్ రావని డాక్టర్ గారి దగ్గర ఒక సర్టిఫికెట్ మాత్రం తెండి" అన్నారు. టీసీ ఇస్తామని అనలేదు చూడండి. ఆ మాట అంటే మేం ఎదురు మాట్లాడేవాళ్లం. "తగ్గాక తీసుకురండి" అంటే ఏం మాట్లాడతాం? తలూపి వచ్చేశాం.

ఆ సర్టిఫికెట్ సంగతి చెబితే డాక్టర్ గారు నవ్వారు. "ఇక రాదు అని ఎవరికి మాత్రం రాసివ్వగలనమ్మా, ఆ కరస్పాండెంట్ గారికి రాదని కూడా నేను రాయలేను" అన్నారు. జోక్ అనుకున్నాను గానీ అది నిజం. మూర్ఛ ఏ వయసులోనైనా, ఎవరికైనా మొదలవ్వచ్చు.

మీ అందరికీ ఉత్తరం రాయాలని నాకు ఆరేళ్లుగా ఉంది. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, వాడికి పదమూడేళ్లు వచ్చాయి, మందు ఆపి పద్నాలుగు నెలలైంది, ఒక్కసారి కూడా రాలేదు. చుట్టాలందరూ "పెద్దయితే పోతుందని చెప్పాంగా, పోయింది చూడు" అంటున్నారు. పోయిందో లేదో తర్వాత చెబుతాను. అసలు మీరు ఆ రోజు అడిగిన ప్రశ్నే తప్పని నా గొడవ. "తగ్గుతుందా, ఎప్పుడు తగ్గుతుంది" అన్నది నేను డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న. బడి అడగాల్సింది "ఈ రోజు వస్తే మేం ఏం చెయ్యాలి" అని.

ముందు ఆ మొదటి ప్రశ్న సంగతే చూద్దాం, ఎందుకంటే మీలో చాలామందికి, నిన్నటి దాకా నాకూ, మూర్ఛ అంటే ఒకటే జబ్బు. అలా కాదు. జ్వరానికి ఎన్ని కారణాలో ఫిట్స్‌కి అన్ని కారణాలు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి జ్వరం పెరిగినప్పుడు వచ్చే ఫిట్స్ ఉన్నాయి, నూరుమందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి దాకా వస్తాయి, వాటిని అసలు మూర్ఛ జబ్బు కింద లెక్కే వెయ్యరు, అలాంటి పిల్లల్లో చాలామందికి ఆ తర్వాత జన్మలో ఫిట్స్ రావు. ఎల్‌కేజీ అడ్మిషన్ ఫారంలో "ఫిట్స్ ఉన్నాయా" అన్న గడి ముందు ఆ తల్లి పెన్ను పట్టుకుని ఎంతసేపు నిలబడుతుందో మీకు తెలియదు.

మా వాడికి వచ్చినదాన్ని రోలాండిక్ ఎపిలెప్సీ అంటారు. మూడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య మొదలవుతుంది, ఎక్కువగా నిద్రలోనే వస్తుంది, నిద్ర పట్టిన కాసేపటికి గానీ తెల్లవారబోయే ముందు గానీ. మూతీ, నాలుకా, గొంతూ లాగేస్తాయి, మాట రాదు, చాలాసార్లు తెలివి ఉంటుంది. దాదాపు అందరికీ పదహారేళ్లు వచ్చేలోపు అదే ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు డాక్టర్లు దాని పేరులోనే "తనంతట తానే తగ్గేది" అన్న అర్థం వచ్చే మాట చేర్చారు. మాకు మొదట మందు కూడా వద్దన్నారు, మూడోసారి వచ్చాక మొదలుపెట్టారు. కాబట్టి మా వాడిది అదృష్టమున్న రకం. ఈ మాట రాస్తుంటే నాకే ఎలాగో ఉంది, మూర్ఛలో అదృష్టమేంటని, కానీ న్యూరాలజిస్ట్ గది బయట వెయిటింగ్ హాల్లో ఒక పూట కూర్చుంటే మీకూ అర్థమవుతుంది.

ఆ హాల్లో నేను ఆరేళ్లలో రకరకాల తల్లుల్ని చూశాను. చంటిబిడ్డ దండం పెట్టినట్టు చేతులు దగ్గరికి తెచ్చి ముందుకి వంగుతుంటే "కడుపునొప్పేమో" అని నెలన్నర గ్రైప్ వాటర్ పట్టిన తల్లి ఉంది. అవి ఏడాదిలోపు పిల్లలకి వచ్చే ఇన్ఫంటైల్ స్పాజమ్స్, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడని రకం. పుట్టగానే ఏడవని పిల్లలు, మెదడుకి ఆక్సిజన్ అందక దెబ్బతిన్న పిల్లలు ఉన్నారు, వాళ్లలో కొందరికి మూడేసి మందులు వాడినా ఆగదు. మెదడులో బద్దెపురుగు తిత్తి కట్టి ఫిట్స్ వచ్చిన పిల్లలూ మన దగ్గర ఎక్కువే. "మేం మాంసమే ముట్టం, మాకెలా వచ్చింది" అని ఒకావిడ వాదించింది. పురుగు గుడ్లు మట్టిలో, సరిగా కడగని ఆకుకూరల్లో, శుభ్రంగా లేని చేతుల్లో ఉంటాయి, దానికి శాకాహారం మాంసాహారం తేడా లేదని డాక్టర్ చెప్పాక ఆవిడ నోరు మూతపడింది. ఆ తిత్తి కరిగిపోయాక చాలామందికి మందు ఆపేస్తారు.

అన్నీ కలిపి చూస్తే మూర్ఛ ఉన్న పిల్లల్లో సగానికి పైగా పెద్దయ్యేసరికి ఫిట్స్ నుంచీ మందు నుంచీ బయటపడతారు. మామూలుగా రెండేళ్ల పాటు ఫిట్స్ రాకపోతే మందు తగ్గించే సంగతి ఆలోచిస్తారు, అదీ ఒక్కసారిగా కాదు, వారాల మీద, నెలల మీద కొంచెం కొంచెంగా. మనకి మనం ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలా పద్ధతిగా ఆపినవాళ్లలో కూడా సుమారు ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. మాకూ వచ్చింది. వాడికి పదో ఏడు నిండాక మందు తగ్గిస్తుంటే, ఇక రెండు వారాల్లో పూర్తిగా ఆగిపోతుందనగా ఒక తెల్లవారుజామున మళ్లీ ఆ గురగుర. మళ్లీ మొదటికి. ఆ రోజు నేను ఏడ్చినట్టు మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఏడవలేదు. పోయిందని దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టేశాను మరి.

ఇంకో మాట. ప్రపంచంలో మూర్ఛ జబ్బు చూసే డాక్టర్ల సంఘం 2014లో ఒక లెక్క చెప్పింది, ఏ వయసుతో పోయే రకమో ఆ వయసు దాటితే గానీ, లేదా పదేళ్లు ఫిట్స్ లేకుండా ఉండి అందులో చివరి ఐదేళ్లు మందు కూడా లేకుండా ఉంటే గానీ "ఇక మూర్ఛ లేదు" అనుకోవచ్చని. పదేళ్లు! ఏడేళ్లప్పుడు మొదలైన పిల్లవాడు ఈ లెక్క ప్రకారం "పూర్తిగా తగ్గాక" మీ దగ్గరికి వస్తే మీరు వాడిని ఏ తరగతిలో కూర్చోబెడతారు?

మా మేనత్త గురించి చెప్పాలి ఇక్కడ. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. అప్పట్లో నరసరావుపేట పక్క మా పల్లెలో దాన్ని కాకిసొమ్మ అనేవాళ్లు. పోలేరమ్మకి మొక్కారు, తాయెత్తులు కట్టారు, ఎవరో చెబితే మోకాలి కింద వాతలు కూడా పెట్టించారు, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. నాలుగో తరగతిలో బడి మాన్పించారు. బావి దగ్గరికి పోనివ్వరు, పొయ్యి దగ్గరికి రానివ్వరు, పెళ్లిళ్లకి తీసుకెళ్లరు. పద్నాలుగో పదిహేనో ఏట ఆవిడకి ఫిట్స్ ఆగిపోయాయి. ఎప్పుడు ఆగిపోయాయో ఇంట్లో ఎవరికీ సరిగా గుర్తు లేదు, ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు. ఆగిపోయిందని తెలిశాక కూడా బడికి పంపలేదు, అప్పటికి ఆవిడ తోటివాళ్లు టెన్త్‌కి వచ్చేశారు. సంబంధాలు వచ్చాయి, ఊళ్లో వాకబు చెయ్యగానే పోయాయి. ఇప్పుడు ఆవిడకి అరవై దాటాయి. నలభై ఐదేళ్లకి పైగా ఒక్క ఫిట్ లేదు. పేపర్ కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లిషు అక్షరాలు రావు, బస్సు నంబరు పక్కవాళ్లని అడుగుతుంది. బహుశా ఆవిడదీ మా వాడి రకమేనేమో, ఎవరు చెప్పగలరు. పెద్దయ్యాక జబ్బు పోయింది, ఆ నాలుగో తరగతి మాత్రం అక్కడే ఆగిపోయింది. మా వాడికి ఫిట్స్ వచ్చాయని తెలిసి ఆవిడ మా ఇంటికొచ్చి మూడు నెలలు ఉంది. వాడి మంచం పక్కన కూర్చుని నాతో ఒకటే చెప్పింది, "ఏ మందైనా వాడవే, బడి మాత్రం మాన్పించకు" అని. మేం వాడిని ఇంకో బడిలో చేర్చింది ఆవిడ పోరు పడలేకే.

ఇంకో రెండు రకాలు ప్రత్యేకంగా మీ కోసం రాస్తాను, ఎందుకంటే వీటిని తల్లిదండ్రుల కంటే ముందు మీరే చూస్తారు.

ఒకటి, నాలుగు నుంచి పదేళ్ల పిల్లల్లో వస్తుంది. పడిపోవడం, కొట్టుకోవడం ఏమీ ఉండవు. రాస్తూ రాస్తూ పిల్ల ఆగిపోతుంది, చూపు నిలిచిపోతుంది, రెప్పలు కొంచెం అల్లాడతాయేమో, పది సెకన్లు, మళ్లీ ఏమీ జరగనట్టు రాయడం మొదలుపెడుతుంది. రోజుకి పదులసార్లు జరగొచ్చు. డిక్టేషన్‌లో మధ్య మధ్య మాటలు ఎగిరిపోతాయి. దీన్ని ఆబ్సెన్స్ అంటారు. మనం ఏమంటాం? పరధ్యానం అంటాం, మొద్దు అంటాం, పేరెంట్స్ మీటింగ్‌లో "ఇంట్లో ఫోన్ తగ్గించండి" అంటాం. నా చిన్నప్పుడు మా క్లాసులో ఒకమ్మాయి ఇలాగే ఆగిపోయేది, మాస్టారు చాక్‌పీస్ విసిరేవారు, మేమందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఇది మందుకి బాగా లొంగుతుంది, చాలామందికి టీనేజీలో పోతుంది. మీరు కనిపెట్టి ఒక్క మాట చెబితే ఆ పిల్ల చదువు దారికొస్తుంది. పిలిస్తే ఉలిక్కిపడి చూసేది పరధ్యానం, పిలిచినా భుజం తట్టినా ఆ పది సెకన్లు పలక్కపోతే అనుమానించండి, అంతే.

రెండోది కొంచెం పెద్ద పిల్లలది, ఇంటర్ కాలేజీల వాళ్లు, హాస్టల్ వార్డెన్లు ఇది చదవాలి. వెయిటింగ్ హాల్లో నాకు మార్కాపురం వైపు నుంచి వచ్చిన ఒక బైపీసీ అమ్మాయి, వాళ్లమ్మ పరిచయమయ్యారు. ఆ పిల్లకి పొద్దున్న లేవగానే చేతులు ఒక్కసారిగా అదిరేవి, పళ్లు తోముకునే బ్రష్ ఎగిరిపడేది, టిఫిన్ ప్లేటు జారిపోయేది. వార్డెన్ పొగరు అనుకుంది, వాళ్లమ్మ ఒళ్లు దగ్గర పెట్టుకోమని తిట్టింది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, తెల్లవారి నాలుగున్నరకి బెల్లు. పరీక్షల ముందు ఒక రోజు పొద్దున్న స్టడీ హాల్లోనే పెద్ద ఫిట్ వచ్చి పడిపోయింది. దీన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. ఇది మందుతో బాగా అదుపులో ఉంటుంది గానీ చాలామందిలో పెద్దయినా పోదు, మందు ఏళ్ల తరబడి, తరచుగా జీవితాంతం వాడాలి. దీనికి అసలు శత్రువు నిద్ర చాలకపోవడం. డాక్టర్ ఆ పిల్లకి చీటీ మీద మందు పేరు కింద "ఎనిమిది గంటల నిద్ర" అని కూడా రాశారు. వాళ్లమ్మ ఆ చీటీ పట్టుకెళ్లి చూపిస్తే కాలేజీ వాళ్లు ఏమన్నారో ఊహించండి. "తగ్గాక తీసుకురండి." ఆ పిల్లకి తగ్గడం అంటూ లేదు, అదుపులో ఉండటమే. నీట్ రాసే పిల్ల, బుర్ర బంగారం, ఒక గంట ముందు పడుకోనిస్తే చాలు!

అందుకే నాకు "పెద్దయితే పోతుందిలే" అన్న ఓదార్పు మీద కోపం వచ్చేది ఇక్కడే. ఆ మాట మా వాడిలాంటి వాళ్లకి ధైర్యం, సరే. పోనివాళ్ల సంగతేంటి? వాళ్లేమైనా పరీక్ష తప్పారా? మందులు సరిగ్గా అందితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మిగతా 30 శాతం మంది కూడా మీ పిల్లలే కదా. వాళ్లలో కొందరికి ఆపరేషన్‌తో తగ్గుతుంది, తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో 1995 నుంచి మూర్ఛకి ఆపరేషన్లు చేస్తున్నారు, మన తెలుగువాళ్లు కూడా అక్కడికి వెళ్తుంటారు. కొందరికి ఎన్ని చేసినా వస్తూనే ఉంటుంది. వచ్చిన రోజు ఇంట్లో పడుకుంటారు, మర్నాడు బ్యాగు తగిలించుకుని మీ గేటు ముందుకొస్తారు.

ఇక నేను అడగాలనుకున్న అసలు సంగతులు.

వచ్చినప్పుడు ఏం చెయ్యాలో బడిలో ఒక్కరికి కాదు, వాచ్‌మెన్ దాకా అందరికీ తెలియాలి, నేర్పించడానికి పావుగంట చాలు. టైం చూడండి, అన్నిటికంటే ముందు అది, ఎందుకంటే భయంలో రెండు నిమిషాలు ఇరవై నిమిషాల్లా అనిపిస్తాయి. పక్కన బల్ల, రాయి ఉంటే జరపండి, తల కింద ఏదైనా మెత్తటిది పెట్టండి, టై, బెల్టు వదులు చెయ్యండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చొంగ బయటికి కారిపోతుంది. కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. నోట్లో స్పూను, గుడ్డ, వేలు, నీళ్లు ఏవీ పెట్టకండి, నాలుక మింగేయడం అనేది జరగదు, మీ వేలు మాత్రం తెగుతుంది. ఉల్లిపాయ వద్దు, చెప్పు వాసన వద్దు. తాళాలు వద్దు. తాళాలు పెట్టగానే తగ్గింది అని చెప్పేవాళ్లుంటారు, చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, మనం బీరువా తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైం అయిపోతుంది, పేరు తాళాలకి వస్తుంది. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. కొందరు పిల్లల దగ్గర డాక్టర్ రాసిచ్చిన మిడజోలం అనే ముక్కు స్ప్రే ఉంటుంది, ఎప్పుడు ఎంత కొట్టాలో చీటీ మీద ఉంటుంది. అది బ్యాగులో అడుగున కాకుండా టీచర్ అందుకోగల చోట ఉండనివ్వండి. తెలివొచ్చాక పిల్లలు మత్తుగా ఉంటారు, నిద్రపోనివ్వండి, మూత్రం పోసుకుని ఉంటే ఎవరూ చూడకముందే బట్ట కప్పండి. ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యమని మా వాడు అంటాడు.

ఆ రోజు బస్సులో ఉన్న ఆయమ్మకి ఈ మాట చేరితే బాగుండు. ఆవిడ తాళాలు పెట్టింది, నిజమే, కానీ అందరూ దూరం జరిగితే ఒళ్లో పడుకోబెట్టుకుంది ఆవిడ ఒక్కతే. పక్కకి తిప్పి పట్టుకుందట, ఎవరూ నేర్పకుండానే. మీ స్టాఫ్ అంతా భయపడ్డారని చెప్పారే కరస్పాండెంట్ గారూ, ఆవిడ మీ స్టాఫ్ కాదా?

మందు టైంకి పడాలి. ఒక్క డోసు తప్పినా ఫిట్ రావడానికి అది చాలు. మధ్యాహ్నం టాబ్లెట్ వేసుకునే పిల్లవాడిని పదిమంది ముందు "ఒరేయ్, నీ మందు వేసుకున్నావా" అని అరవకండి. ఇంకోటి, కొన్ని మందులు కోపం తెప్పిస్తాయి. మా వాడికి లెవెటిరాసెటం మొదలుపెట్టిన కొత్తలో వీడు నా కొడుకేనా అనిపించేది, స్కేలు విరిచాడు, పక్కవాడిని గిల్లాడు, డైరీలో ఎర్ర ఇంకుతో వారానికి మూడు కంప్లైంట్లు. డాక్టర్‌కి చెబితే డోసు మార్చారు, సర్దుకుంది. అప్పుడు రెండో బడిలో క్లాస్ టీచర్ గారు డైరీలో రాయడం మానేసి నాకు ఫోన్ చేసి, "ఏ టైంలో ఎక్కువగా చిరాకు పడుతున్నాడో ఒక వారం రాసి పెడతాను, డాక్టర్‌కి చూపించండి" అన్నారు. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

పీఈటీ సార్లూ, ఆటలు మాన్పించకండి. జాంటీ రోడ్స్ పేరు మీకు నేను చెప్పాలా, 1992 వరల్డ్ కప్‌లో బంతి పట్టుకుని గాల్లో ఎగిరి వికెట్ల మీద పడి ఇంజమామ్‌ని రనౌట్ చేశాడే, ఆయనకి మూర్ఛ ఉంది, ఆయనే బయటికి చెప్పుకున్నాడు. నీళ్లలోకి ఒంటరిగా దింపొద్దు, తాడు పట్టుకుని ఎత్తు ఎక్కించొద్దు, మిగతావన్నీ ఆడనివ్వండి. ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. మూడేళ్లు వాడికి సైకిల్ కొనలేదు. బాత్రూం గడియ పీకించేశాను (అది మాత్రం ఇప్పటికీ సరైనదే అంటాను), డాబా మెట్లకి తలుపు పెట్టించాను, వాడు దగ్గితే పరుగెత్తాను. వాళ్లక్క ఒకరోజు "నాకు కూడా ఫిట్స్ వస్తే బాగుండు, అప్పుడైనా నా వైపు చూస్తావు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అయినా అప్పట్లో నాకు ఏ రాత్రి పట్టింది గనక.

మా తప్పు ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. మేం దాస్తాం. అడ్మిషన్ ఫారంలో "లేదు" అని రాస్తాం. చెబితే మీరు సీటివ్వరని దాస్తాం, దాస్తే మీకు తెలియదు, తెలియక పిల్లవాడిని ఎండలో నిలబెడతారు, టాబ్లెట్ తప్పుతుంది, ఫిట్ వస్తుంది, అప్పుడు "చెప్పలేదేం" అని మమ్మల్ని అడుగుతారు. ఆడపిల్ల అయితే ఇంకా ఎక్కువ దాస్తారు, పెళ్లి భయం. పెళ్లికి మూర్ఛ అడ్డన్న మాటని 1999లోనే హిందూ వివాహ చట్టంలోంచి తీసేశారు, చట్టంలోంచి పోయినంత తేలిగ్గా ఊళ్లోంచి పోతుందా? ఈ దాపరికం మా వైపు నుంచి ఆగాలంటే మొదట మీ వైపు నుంచి ఒక మాట రావాలి. ఫారంలో ఆ గడి కింద "దీనివల్ల అడ్మిషన్ ఆగదు" అని ఒక్క లైను అచ్చు వేయించండి. ఎంతమంది తల్లులు నిజం రాస్తారో చూడండి.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి, బెదిరింపు అనుకోకండి గానీ, 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం చేర్చుకున్న పిల్లల్ని ఎనిమిదో తరగతి చదువు పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదు. 2016 దివ్యాంగుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల పట్టికలో మూర్ఛ పేరు విడిగా లేదు, అందుకని ఇలాంటి పిల్లలు చాలాసార్లు అటూ ఇటూ కాకుండా పోతారు. ఫిట్ వచ్చిన మర్నాడు యూనిట్ టెస్ట్ ఉంటే ఇంకో రోజు రాయనివ్వమని అడగడానికి మా దగ్గర ఏ కార్డూ ఉండదు. మీ మంచితనమే మాకు కార్డు.

ఇప్పుడు మా వాడికి పోయిందా అంటే, డాక్టర్ గారు "చాలా వరకు పోయినట్టే" అన్నారు. ఆయన మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. నేను మాత్రం ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికి ఎవరూ లేపకుండానే లేస్తాను, వాడి గది గుమ్మం దగ్గర నిలబడి ఊపిరి విని వచ్చి పడుకుంటాను. వాడికి తెలుసు. ఒకసారి కళ్లు మూసుకునే "బతికే ఉన్నాలే అమ్మా, పో" అన్నాడు.

ఈ నెలాఖరున ఇప్పటి బడి వాళ్లు పిల్లల్ని అరకు, బొర్రా గుహలు తీసుకెళ్తున్నారు. రాత్రి రైలు. నిద్ర, ప్రయాణం, సంబరం, మూడూ మళ్లీ ఒక్కచోట. ఫారం ఇచ్చారు, అందులో అదే గడి: "ఏమైనా ఆరోగ్య సమస్యలు ఉన్నాయా? అవును/లేదు." నేను "అవును" అని టిక్ పెట్టబోతే వాడు లాక్కున్నాడు. "ఇప్పుడు లేదు కదమ్మా, మళ్లీ అందరికీ చెప్పాలా?" అన్నాడు. వాళ్ల నాన్న "లేదు అని పెట్టెయ్" అన్నారు. మేనత్తకి ఫోన్ చేస్తే "వాడి ఒళ్లు, వాడినే రాసుకోనీ" అంది. రెండు రోజులు ఆ ఫారం ఫ్రిజ్ మీదే ఉంది, ఈ ఉత్తరం సగం ఆ రెండు రోజుల్లో రాసిందే. ఇది వాడికి చదివి వినిపించాను. పేరు లేకుండా అయితే సరే అన్నాడు. గిల్లిన సంగతి తీసెయ్యమన్నాడు, నేను తియ్యలేదు.

నిన్న రాత్రి ఫారం తనే తీసుకుని, అవునుకీ లేదుకీ టిక్ పెట్టకుండా, గడి పక్కన ఖాళీలో వాడి కోడిగీతల్లో రాశాడు: "చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. ఇప్పుడు మందు లేదు. నిద్రలో వస్తే పక్కకి తిప్పండి, టైం చూడండి, అమ్మకి ఫోన్ చెయ్యండి. తాళాలు వద్దు. నాకు సైడ్ లోయర్ బెర్త్ కావాలి."

ఆ చివరిదానికీ ఫిట్స్‌కీ సంబంధం లేదట, వాడికి కిటికీ కావాలి. ఫారం ఈ రోజు బ్యాగులో పెట్టి పంపాను.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక అమ్మ